ఫలదీకరణ: ఎక్కడ వాడాలి, ఎక్కడ వాడకూడదు (తరచుగా అడిగే ప్రశ్నలు)

సైన్సు పాఠాలు, వ్యవసాయ కరపత్రాలు, ఆసుపత్రుల సమాచార పత్రాలు తెలుగులోకి వచ్చాక వాటిని దిద్దే పని నాది. ఈ మూడు చోట్లా కనిపించే మాట, మూడు చోట్లా మూడు రకాలుగా తప్పు పడే మాట ఒకటుంది, అదే ఫలదీకరణ. అడిగినవాళ్ళకల్లా విడివిడిగా చెప్పడం కంటే అన్నీ ఒకచోట రాసి పెడితే పోతుందని ఇది మొదలుపెట్టాను.

ఒక్క ముక్కలో చెప్పండి, ఫలదీకరణ అంటే ఏంటి?

మగ బీజకణం, ఆడ బీజకణం కలిసి ఒకే కణం కావడం. ఆ కొత్త కణం పేరు సంయుక్తబీజం. మనుషుల్లో అయితే అండంలో 23 క్రోమోజోములు, శుక్రకణంలో 23, కలిస్తే 46. అంతే, ఇంకేమీ లేదు. దానికి ముందు జరిగేవి (పుప్పొడి రాలడం, జతకట్టడం, అండం విడుదల కావడం) ఫలదీకరణ కాదు, తర్వాత జరిగేవి (గర్భం నిలవడం, పిండం పెరగడం, పిందె కాయవడం) కూడా కాదు. కింద ఉన్న ప్రశ్నల్లో సగానికి సగం ఈ ముందూ వెనకా కలిపేసుకోవడం వల్ల వచ్చినవే.

ఆ మాటలో "ఫలం" ఎందుకొచ్చింది? మనుషులకేం పండ్లు కాస్తాయా?

కాయవు లెండి. ఫలం అంటే సంస్కృతంలో పండు ఒక్కటే కాదు, ఫలితం కూడా. "ఫలద" అంటే ఫలాన్ని ఇచ్చేది. చివరి "ద"కి ఇచ్చేది అని అర్థం, జలద అంటే నీళ్ళిచ్చేది కాబట్టి మేఘం, వరద అంటే వరమిచ్చేది (ఏటికొచ్చే వరద వేరే మాట, దీంతో కలపొద్దు). దానికి "ఈకరణ" చేరింది. ఒకటి కానిదాన్ని అది అయ్యేలా చేయడం అని చెప్పాలంటే మనం ఇదే తగిలిస్తాం: శుద్ధం కానిదాన్ని శుద్ధం చేస్తే శుద్ధీకరణ, కరెంటు లేని ఊరికి కరెంటు తెస్తే విద్యుదీకరణ, చివరికి ఇంగ్లీషు మాటకు కూడా అతికించి ప్రైవేటీకరణ అనేశాం. అలాగే ఫలాన్ని ఇవ్వలేని స్థితిలో ఉన్నదాన్ని ఇచ్చేదిగా మార్చడం ఫలదీకరణ. ఒంటరిగా ఉన్న అండం కొద్ది గంటల్లో నశించిపోతుంది, కలిస్తే ఒక జీవి అవుతుంది, కాబట్టి మాట బాగానే కుదిరిందని నా అభిప్రాయం.

పక్క భాషలు వేరే దారి పట్టాయి. హిందీలో నిషేచన్ అంటారు, కన్నడంలో ఫలీకరణ, తమిళంలో కరువుఱుదల్. హిందీ వాళ్ళ మాటకు మూలమైన "నిషేకం" తెలుగులోనూ ఉంది, కాకపోతే మనం దాన్ని లేదు అని చెప్పడానికి మాత్రమే ఉంచుకున్నాం: అనిషేక ఫలం, అనిషేక జననం. అంటే ఫలదీకరణ లేకుండా వచ్చిన పండు, ఫలదీకరణ లేకుండా పుట్టిన పిల్ల. నిషేకంలో ఉన్న ధాతువే అభిషేకంలోనూ ఉంది, చల్లడం, పోయడం అని దాని అర్థం. పరీక్షలకు చదివే పిల్లలకు ఈ సంగతి చెబితే "అనిషేక" అన్నదాన్ని బట్టీ పట్టాల్సిన పని తప్పుతుంది.

ఫలదీకరణ, ఫలదీకరణం, ఫలధీకరణ, ఫలీకరణ... ఏది కరెక్టు?

మొదటి రెండూ సరైనవే, పాఠ్యపుస్తకాల్లో రెండూ ఉంటాయి. ఒక వ్యాసంలో ఏదో ఒకటి పట్టుకుని చివరిదాకా అదే వాడండి. ఒత్తు పెట్టి "ధీ" రాస్తే తప్పు, ధీ అంటే బుద్ధి. ఫలీకరణ తెలుగులో వాడుకలో లేదు.

వాక్యంలో ఎలా వాడాలి? "ఫలదీకరించబడిన అండం" అనొచ్చా?

అనొచ్చు, ఎవరూ జైల్లో వేయరు, కానీ తెలుగు చెవికి అది ముల్లులా ఉంటుంది. "ఫలదీకరణ చెందిన అండం" అంటే సాఫీగా ఉంటుంది. లేదా "అండం ఫలదీకరణ చెందుతుంది" అనండి. ఎప్పుడు, ఎక్కడ అని చెప్పాలంటే "ఫలదీకరణ జరుగుతుంది". మగ కణాన్ని కర్తగా పెట్టి "శుక్రకణం అండాన్ని ఫలదీకరిస్తుంది" అనడం కూడా ఉంది, అర్థమవుతుంది, తప్పూ కాదు, మరీ ఎక్కువ వాడితే మాత్రం పాఠం బరువెక్కుతుంది.

అన్నిటికంటే ముఖ్యమైంది, ఫలదీకరణ చెందేది కణమే, మనిషి కాదు, పశువు కాదు, చెట్టు కాదు. "ఆ మహిళ ఫలదీకరణ చెందింది", "ఆవును ఫలదీకరణ చేయించారు" లాంటివి చదివితే నవ్వాలో ఏడవాలో తెలియదు. ఆవుకు చేయించేది కృత్రిమ గర్భధారణ, అంటే వీర్యాన్ని గర్భాశయంలోకి పంపడం. ఆ తర్వాత లోపల ఫలదీకరణ జరుగుతుందా లేదా అన్నది ఇంకో సంగతి.

ఇంగ్లీషులో పొలానికి ఎరువు వేయడాన్ని కూడా ఫర్టిలైజేషన్ అంటారుగా, మరి అక్కడ?

అక్కడ ఎరువు వేయడం. ఫలదీకరణ కాదు, ఏ పరిస్థితుల్లోనూ కాదు.

ఇది ఎందుకింత గట్టిగా చెబుతున్నానంటే, ఒకసారి దిద్దడానికి ఒక కరపత్రం వచ్చింది, మిషను చేత అనువాదం చేయించి పంపారు. అందులో "నాటిన ముప్పై రోజులకు మొక్కలను ఫలదీకరణ చేయండి, ఫలదీకరణ చేసిన వెంటనే నీరు పెట్టండి" అని ఉంది. కింద ఇంకో వాక్యం, "అధిక ఫలదీకరణ వలన ఆకులు మాడిపోవును". రైతు ఎవరైనా చదివితే పువ్వే రాని మొక్కకు ఏం చేయమంటున్నారో అర్థం కాక తల పట్టుకుంటాడు. "నాటిన 30 రోజులకు పైపాటుగా ఎరువు వేయండి, వెంటనే తడి ఇవ్వండి, మోతాదు మించితే ఆకులు మాడతాయి" అని మార్చి పంపాను. పది నిమిషాల పని, కానీ చూడకుండా వదిలేసి ఉంటే అలాగే అచ్చయ్యేది.

అసలు చిక్కంతా ఇంగ్లీషుది. ఫర్టైల్ అనే ఒక్క మాటను వాళ్ళు నేలకూ, మనిషికీ, గుడ్డుకూ వాడుకుంటారు. మనకు దేనికది విడిగా ఉంది: నేలకైతే భూసారం, సారవంతమైన నేల, మనుషులకైతే సంతాన సాఫల్యం (అందుకే సంతాన సాఫల్య కేంద్రాలు), కణాల కలయికకు ఫలదీకరణ, పొలంలో వేసేది ఎరువు. సముద్రంలో ఇనుము చల్లి నాచు పెంచే ప్రయోగాల వార్తల్లోనూ ఇదే తప్పు దొర్లుతుంది. అక్కడ జరిగేది పోషకం అందించడమే కాబట్టి "సముద్ర ఫలదీకరణ" అని రాస్తే చదివేవాడు చేపల గుడ్ల గురించి అనుకుంటాడు.

పరాగసంపర్కం, ఫలదీకరణ ఒకటేనా?

కాదు. పుప్పొడి వచ్చి పువ్వులోని కీలాగ్రం (అండాశయం పైన ఉండే సన్నటి కాడ కీలం, దాని కొస కీలాగ్రం) మీద పడటం పరాగసంపర్కం, గాలో తేనెటీగో చేసి వెళ్ళిపోయే పని. ఆ తర్వాత పుప్పొడి రేణువు మొలకెత్తి, సన్నటి పరాగనాళం ఒకటి కీలం గుండా కిందికి దిగి, అండాశయంలోకి చేరి, అక్కడ మగ బీజాన్ని వదిలితే, అది ఆడ బీజంతో కలిస్తే, అప్పుడు ఫలదీకరణ. రెండిటికీ మధ్య ఎంత టైము పడుతుందో చూస్తే తేడా ఇట్టే తెలుస్తుంది: మొక్కజొన్నలో దాదాపు ఒక రోజు, పైన్ చెట్లలో సుమారు ఏడాది! పుప్పొడి పడ్డాక ఏడాది ఎదురుచూపు అన్నమాట.

మొక్కజొన్న పొత్తును ఒకసారి పొట్టు ఒలిచి చూడండి, మాస్టారు గంటసేపు చెప్పేది అక్కడ కంటికి కనిపిస్తుంది. కొసన వేలాడే పీచు ఉంటుంది కదా, అందులో ఒక్కో పోగు ఒక్కో కీలం. ప్రతి పోగు మొదట్లో ఒక గింజ. ఆ పోగు మీద పుప్పొడి పడి, నాళం కిందిదాకా వెళ్ళి, ఫలదీకరణ అయితేనే ఆ గింజ నిండుతుంది. పొత్తులో అక్కడక్కడా పళ్ళూడిన నోరులా ఖాళీలు కనిపిస్తే, సాధారణంగా అక్కడి పోగులకు పుప్పొడి అందలేదనే అర్థం. నిండిన పొత్తులో ఎన్ని గింజలుంటే అన్నిసార్లు విడివిడిగా ఫలదీకరణ జరిగినట్టు.

బోటనీలో అండం, జువాలజీలో అండం ఒకటేనా? మా అబ్బాయి కన్ఫ్యూజ్ అవుతున్నాడు.

కన్ఫ్యూజ్ అవ్వడంలో మీ అబ్బాయి తప్పేం లేదు, తప్పు మాటలు పెట్టినవాళ్ళది. జంతువుల విషయంలో అండం అంటే ఒకే ఒక్క కణం, ఫలదీకరణ చెందేది అదే. మొక్కల విషయంలో అండం అంటే చాలా కణాలున్న ఒక చిన్న నిర్మాణం, దాని లోపల పిండకోశం, ఆ పిండకోశం లోపల స్త్రీబీజకణం. ఫలదీకరణ చెందేది ఆ స్త్రీబీజకణం. అదయ్యాక అండం మొత్తం విత్తనంగా, దాని చుట్టూ ఉన్న అండాశయం కాయగా మారతాయి. ఈ మూడు పొరలూ ఒక బొమ్మ వేసి చూపించండి, చాలు.

ద్విఫలదీకరణ అంటే రెండుసార్లు జరగడమా?

ఒకేసారి రెండు కలయికలు జరగడం. పూలు పూసే మొక్కల్లో పరాగనాళం ఒకటి కాదు, రెండు మగ బీజాలను తీసుకొస్తుంది. ఒకటి స్త్రీబీజకణంతో కలిసి సంయుక్తబీజం అవుతుంది, రేపు మొలకయ్యేది అదే. రెండోది ఊరికే పోదు, పిండకోశం మధ్యలో ఉన్న రెండు ధ్రువ కేంద్రకాలతో కలుస్తుంది. మూడు కేంద్రకాలు కలిశాయి కాబట్టి దీన్ని త్రిసంయోగం అంటారు. దాని నుంచి అంకురచ్ఛదం తయారవుతుంది, అంటే మొలకకు దారిబత్తెం. దీన్ని 1898లో వృక్షశాస్త్రవేత్త సెర్గీ నవాషిన్ లిల్లీ జాతి మొక్కల్లో కనిపెట్టాడు, ఆ మరుసటి ఏడాదే ఫ్రాన్సులో లియోన్ గినార్ విడిగా అదే చూశాడు.

నాకు ఈ పాఠం మొత్తంలో ఇష్టమైన ముక్క ఇదే. వరి, గోధుమ, జొన్న గింజల్లో పిండి ఉండే భాగమంతా ఈ రెండో కలయిక పుణ్యమే. లేత కొబ్బరిబోండంలో నీళ్ళున్నాయే, అవి కూడా అంకురచ్ఛదమే, ఇంకా కణాలుగా విడిపోకుండా కేంద్రకాలు తేలుతూ ఉన్న దశ. లోపలి తెల్ల కొబ్బరి అదే అంకురచ్ఛదం కణాలుగా కట్టిన దశ. బోండంలో స్ట్రా వేసుకుని తాగేవాళ్ళలో ఎవరికీ త్రిసంయోగం గుర్తు రాదనుకోండి.

ఫలదీకరణ, గర్భధారణ ఒకటేనా?

చాలామంది ఒకటే అనుకుంటారు, డాక్టరు దగ్గర టెన్షన్ పడేది కూడా ఇక్కడే. వరసగా చెబుతాను. అండాశయం నుంచి అండం విడుదలవుతుంది, అది బతికి ఉండేది 12 నుంచి 24 గంటలు. శుక్రకణాలు స్త్రీ శరీరంలో 5 రోజుల దాకా బతకగలవు. ఈ రెండూ కలిసేది గర్భాశయంలో కాదు, ఫాలోపియన్ నాళంలో, అండాశయం వైపున్న వెడల్పాటి భాగంలో. కలిశాక కూడా పని అయిపోదు, రెండు వైపుల క్రోమోజోములూ ఒకచోటికి చేరేసరికి దాదాపు ఒక రోజు పడుతుంది. అక్కడి నుంచి కణం రెండై, నాలుగై, విభజన చెందుతూ నాళం గుండా వచ్చి, సుమారు 6 నుంచి 10 రోజులకు గర్భాశయం గోడకు అంటుకుంటుంది. గర్భం నిలిచింది అనేది అప్పుడు. ఫలదీకరణ జరిగి కూడా అంటుకోకుండా పోయే పిండాలు చాలానే ఉంటాయి, ఆమెకు ఆ సంగతే తెలియకపోవచ్చు.

స్కాన్‌లో 6 వారాలు అన్నారు, మేము లెక్కేస్తే నాలుగే వస్తున్నాయి. తేడా ఎందుకు?

ఏం కంగారు లేదు. డాక్టర్లు ఫలదీకరణ రోజు నుంచి లెక్కపెట్టరు, చివరి నెలసరి మొదటి రోజు నుంచి లెక్కపెడతారు, ఎందుకంటే ఫలదీకరణ ఏ రోజు జరిగిందో మామూలుగా ఎవరికీ తెలియదు, నెలసరి తేదీ అయితే గుర్తుంటుంది. రెండిటికీ సుమారు 2 వారాల తేడా. అందుకే కాన్పు లెక్క ఒక పద్ధతిలో 40 వారాలు, ఫలదీకరణ నుంచి చూస్తే 38. రెండూ ఒకే బిడ్డ గురించి. అనువాదం చేసేవాళ్ళు "గర్భం వయసు", "పిండం వయసు" అని రెండిటికీ వేర్వేరు మాటలు వాడితే చదివే జంటకు ఒక రాత్రి నిద్ర మిగులుతుంది.

టెస్ట్‌ట్యూబ్ బేబీ అంటే గాజు గొట్టంలో పెరిగిన బిడ్డా?

అసలు టెస్ట్‌ట్యూబే ఉండదు. ఈ పద్ధతి అసలు పేరు ఐవిఎఫ్ (ఇన్ విట్రో ఫర్టిలైజేషన్), అందులో చివరి ఎఫ్ ఫలదీకరణే, పూర్తి పేరుకు అర్థం "గాజులో ఫలదీకరణ". శరీరం బయట చేసేది ఆ ఒక్క మెట్టూ, ఆ తర్వాత కొద్ది రోజుల పెంపకం మాత్రమే. చదునుగా ఉండే చిన్న పళ్ళెంలో అండాన్ని, శుక్రకణాలను కలిపి, పిండం కాస్త ఎదిగాక గర్భాశయంలోకి పంపుతారు. పెరగడమంతా తల్లి కడుపులోనే. ఆ రకంగా పుట్టిన మొదటి బిడ్డ లూయిస్ బ్రౌన్, 1978 జులై 25న ఇంగ్లండులో. ఆ పని వెనక ఉన్న రాబర్ట్ ఎడ్వర్డ్స్‌కు 2010లో నోబెల్ వచ్చింది. అదే 1978 అక్టోబరు 3న కోల్‌కతాలో డాక్టర్ సుభాష్ ముఖోపాధ్యాయ్ చేతుల మీదుగా ఇంకో బిడ్డ పుట్టింది, ఆయన మాటను అప్పట్లో నమ్మలేదు, బతికుండగా గుర్తింపు దక్కలేదు. ఈ మాట వచ్చినప్పుడల్లా నాకు ఆయనే గుర్తొస్తాడు.

ఒకే శుక్రకణాన్ని సన్నటి సూదితో తిన్నగా అండంలోకి పంపితే దాన్ని ఇక్సీ అంటారు, అదీ ఫలదీకరణే. ఐయూఐ మాత్రం కాదు, అందులో వీర్యాన్ని గర్భాశయంలో వదిలిపెడతారు, కలయిక లోపల తనంతట తాను జరగాలి. ఐయూఐని "కృత్రిమ ఫలదీకరణ" అని రాసేస్తున్నారు, దయచేసి వద్దు.

లక్షల శుక్రకణాల్లో ఒక్కటే ఎందుకు వెళ్తుంది?

ఒకటి వెళ్ళగానే అండం తలుపులు మూసేస్తుంది కాబట్టి. బయల్దేరేవి కోట్లలో ఉంటాయి, అండం దాకా చేరేవి వందల్లోనే. సముద్రపు అర్చిన్ అనే ముళ్ళ జీవి అండంలో ఇది మైక్రోస్కోపు కింద చక్కగా కనిపిస్తుంది: శుక్రకణం తాకిన ఒక నిమిషం లోపే అండం చుట్టూ ఒక పొర బుడగలా పైకి లేచి నిలబడుతుంది, మిగతావన్నీ దాని బయటే కొట్టుకుంటూ ఉండిపోతాయి. జర్మన్ శాస్త్రవేత్త ఆస్కార్ హెర్ట్‌విగ్ ఫలదీకరణను మొదట అర్థం చేసుకుంది కూడా ఈ అర్చిన్ అండాల్లోనే, శుక్రకణం నుంచి వచ్చిన కేంద్రకం, అండ కేంద్రకం కలిసిపోవడం చూసి 1876లో రాశాడు. అప్పటికి శుక్రకణాలను మైక్రోస్కోపులో చూసి దాదాపు రెండు వందల ఏళ్ళయింది, అవి చేసే పనేంటో తేలడానికి అంతకాలం పట్టింది.

ఫలదీకరణ లేకుండా పిల్లలు పుట్టవా?

కొన్ని జీవుల్లో పుడతాయి. తేనెపట్టులో రాణి పెట్టే గుడ్లలో ఫలదీకరణ చెందినవి ఆడ ఈగలు, అంటే కూలి ఈగలో కొత్త రాణో అవుతాయి, చెందనివి మగ ఈగలవుతాయి. అంటే మగ ఈగకు తండ్రి ఉండడు, తాత మాత్రం ఉంటాడు. (తీరిగ్గా ఆలోచించండి, కరెక్టే.) దీన్నే అనిషేక జననం అంటారు. మొక్కల్లో గింజ లేని అరటిపండు అనిషేక ఫలం.

బాహ్య ఫలదీకరణ, అంతర ఫలదీకరణ?

శరీరం బయట జరిగితే బాహ్య: కప్పలు, చాలా రకాల చేపలు. లోపల జరిగితే అంతర: పాములు, పక్షులు, మనం.

కోడిగుడ్డు ఫలదీకరణ చెందిందో లేదో ఎలా తెలుస్తుంది?

పుంజు లేకుండా కూడా పెట్ట గుడ్డు పెడుతుంది, ఆ గుడ్డులో పిల్ల రాదు. ఫారాల్లో గుడ్ల కోసం పెంచే పెట్టల దగ్గర పుంజులుండవు కాబట్టి అవన్నీ ఫలదీకరణ చెందనివే. గుడ్డు శాకాహారమా మాంసాహారమా అనే గొడవలోకి నన్ను లాగొద్దు. పుంజుతో ఒకసారి కలిసిన పెట్ట దాదాపు రెండు వారాల దాకా పిల్లలయ్యే గుడ్లు పెట్టగలదు, శుక్రకణాలను లోపల దాచుకుంటుంది. పగలగొట్టి చూస్తే పచ్చసొన మీద చిన్న తెల్ల మచ్చ కనిపిస్తుంది: ఫలదీకరణ కాకపోతే అది ముద్దలాంటి చుక్క, అయితే చుట్టూ వలయం గీసినట్టుంటుంది. పొదగడానికి పెట్టిన గుడ్డయితే 5 నుంచి 7 రోజుల మధ్య చీకట్లో లైటుకు అడ్డంగా పెట్టి చూడండి, సాలీడు కాళ్ళలా ఎర్రటి నరాలు కనిపిస్తే పిల్ల ఉన్నట్టు.

ఇంత బరువైన మాట కాకుండా తేలిక తెలుగు లేదా?

సరిగ్గా ఆ అర్థానికి లేదు, ఎందుకంటే మైక్రోస్కోపు లేకుండా ఆ కలయికను ఎవరూ చూడలేదు. కానీ దాని వల్ల కనిపించే ఫలితాలకు బోలెడు మాటలున్నాయి. పశువు ఎదకొచ్చింది, చూడి కట్టింది, చూడి నిలవలేదు, తిరగపొర్లింది (అంటే మళ్ళీ ఎదకొచ్చింది). పూత నిలిచింది, పిందె కట్టింది, పిందె రాలిపోయింది. రైతుకు రాసేటప్పుడు నేను వీటినే వాడతాను. "ఫలదీకరణ వైఫల్యం వలన ఫలాభివృద్ధి లోపించును" అనే బదులు "పుప్పొడి అందకపోతే పిందె కట్టదు" అంటే ఒక్క చదువులో బుర్రకెక్కుతుంది. పరీక్ష పేపర్లో మాత్రం ఫలదీకరణ అనే రాయాలి, అక్కడ పిందె కట్టిందంటే మార్కులు కట్టవు.

"నా ఆలోచన ఫలదీకరణ చెందింది" అని కవిత్వంలో వాడొచ్చా?

ఫలించింది అంటే సరిపోతుంది కదండీ.